‘వృక్షవిశేషము’ దాటి: క్షేత్రశిక్షణ దృష్టితో తెలుగు వృక్షనామాలు, పరిభాష – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
జీవావరణ శాస్త్ర విద్యార్థికి క్షేత్రశిక్షణలో మొక్కను గుర్తించడం తొలి పాఠం, గుర్తించిన మొక్కలను లెక్కించి నమోదు చేయడం మలిపాఠం. ఈ రెండు పనులకూ తెలుగు ఏ మేరకు సాధనం కాగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో నిఘంటువులు, జనవ్యవహారనామాలు, పాఠ్యపుస్తక పరిభాష, కావ్యవర్ణనలు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వృక్షనామాలు, క్షేత్రశిక్షణ, వృక్షజాల సర్వేక్షణ, పరిభాష, నిఘంటువు, వనవర్ణన.

1. ప్రవేశిక:

వృక్షజాల సర్వేక్షణ అనగానే నేలపై తాళ్లతో కట్టిన చదరపు గడి, కొలతపట్టీ, నమోదుపత్రం స్ఫురిస్తాయి. నిజానికి ఇవి శిక్షణలో సులువైన భాగం, ఒక పూటలో నేర్పదగినవి. గడిలోని ప్రతి మొక్కకూ పేరు చెప్పగలగడమే కష్టం. పూత ఉన్నప్పుడు గుర్తుపట్టడం వేరు. ఆకురాలిన అడవిలో బెరడును, మొగ్గను, కణుపును చూసి గుర్తుపట్టడం వేరు. సర్వేక్షణ పూతకాలం దాకా ఆగదు. కాబట్టి శిక్షకుడు పువ్వుతో కాక ఆకుతో మొదలుపెడతాడు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయా? తుంచితే పాలు కారుతున్నాయా? నలిపితే వాసన వస్తుందా? వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే చుక్కలు కనిపిస్తున్నాయా? తొడిమ మీద గ్రంథులున్నాయా? ఇలాంటి పది పన్నెండు ప్రశ్నలు అలవాటైన విద్యార్థి, తానెన్నడూ చూడని మొక్కను సైతం కనీసం దాని కుటుంబం దాకా తీసుకుపోగలడు.

ఈ నైపుణ్యం లోకమంతటా తరిగిపోతున్నదని వృక్షశాస్త్ర అధ్యాపకులు చాలాకాలంగా చెబుతున్నారు. కళ్లముందున్న మొక్కను మొక్కగా గమనించలేకపోవడానికి అమెరికాకు చెందిన వాండర్సీ, షుస్లర్ అనే విద్యావేత్తలు 1999లో ‘మొక్కల అంధత్వం’ అనే అర్థంలో ఒక పదబంధాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆ మాటలోని ‘అంధత్వం’ పట్ల తర్వాత అభ్యంతరాలు వచ్చాయి గానీ, అది సూచించిన లోపాన్ని ఎవరూ కాదనలేదు. తెలుగునాట ఈ లోపానికి మరో పొర తోడైంది. చెట్టును ఎరిగినవాడి దగ్గర తెలుగు పేరు ఉంటుంది. సర్వేక్షణ పత్రం లాటిన్ పేరు అడుగుతుంది. పాఠ్యపుస్తకం ఈ రెండింటికీ చెందని సంస్కృత పరిభాషలో మాట్లాడుతుంది. విద్యార్థి ఈ మూడింటి నడుమ నిలబడతాడు. ఇది వృక్షశాస్త్రశాఖకే పరిమితమైన ఇబ్బంది కాదని, తెలుగుశాఖ వారు కూడా ఇందులో భాగస్వాములేనని రాబోయే ఉదాహరణలు చూపుతాయి.

2. నిఘంటువు చెప్పేది, చెప్పనిది:

సంప్రదాయ తెలుగు నిఘంటువులో ఒక చెట్టు పేరు వెదికితే తరచు ఎదురయ్యే వివరణ ‘వృక్షవిశేషము’. తీగ అయితే ‘లతావిశేషము’. ఆ పదం చెట్టుకు పేరని నిర్ధారించడంతో నిఘంటుకారుని పని ముగుస్తుంది. మరికొన్ని చోట్ల పర్యాయపదం ఉంటుంది: పొన్నకు పున్నాగం, పున్నాగానికి పొన్న. రెండింటిలో ఒకటి ముందే తెలిసినవాడికే ఈ వివరణ ఉపకరిస్తుంది. ఏదీ తెలియనివాడు ఆ వలయంలో తిరుగుతూనే ఉంటాడు.

ఇది నిఘంటుకర్తల అలసత్వమని తీర్పు చెప్పడం తొందరపాటు. అమరకోశంలోని వనౌషధివర్గం గానీ, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలోని స్థావరవర్గు గానీ, చెట్టును అప్పటికే ఎరిగి ఉండి, కావ్యరచనకు పర్యాయపదం వెదుక్కునే పాఠకుణ్ణి ఉద్దేశించినవి. ఆ పాఠకుడు పొన్నచెట్టు కింద కూర్చునే పున్నాగ శబ్దాన్ని నేర్చుకున్నాడు. నేటి పాఠకుడికి శబ్దం మిగిలింది, చెట్టు పోయింది. నిఘంటువు మారలేదు, చదివేవాడు మారాడు.

పైగా ఆ పర్యాయపదాల్లోనే క్షేత్రలక్షణాలు దాగి ఉన్నాయి. రావికి ‘చలదలం’ అనే పేరుంది. పొడవైన తొడిమపై, చిన్నపాటి గాలికే అల్లల్లాడే ఆకును చూసి పెట్టిన పేరది. మర్రికి ‘బహుపాదం’ అనే పేరు ఊడల వల్ల వచ్చింది. ఒక్కో కణుపు దగ్గర ఏడు ఆకుల దాకా చుట్టూ అమరే చెట్టు ‘సప్తపర్ణం’ అయింది. ఇవన్నీ ఒకప్పటి గుర్తింపు సూత్రాలు. అయితే ఇవి చెట్టు ఏమిటో చెబుతాయే గాని, ఏది కాదో చెప్పవు. క్షేత్రంలో గుర్తింపు అంటే చాలావరకు కాదనుకుంటూ పోవడమే.

ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ 1778 నాటి తన ఫ్రాన్స్ వృక్షజాల గ్రంథంలో ప్రవేశపెట్టిన పద్ధతి ఈ కాదనుకోవడానికే ఒక క్రమాన్ని ఇచ్చింది. ప్రతి మెట్టు మీదా రెండే దారులు. ఒకటి ఎంచుకుంటే రెండోది మూసుకుపోతుంది. ఊరి చివరి మూడు చెట్లతోనే దీన్ని చూపవచ్చు. కొమ్మ గిల్లితే పాలు కారుతాయా? చిగురును కప్పిన తొడుగు రాలిపోయి కణుపు దగ్గర ఉంగరంలాంటి మచ్చ మిగులుతుందా? రెండింటికీ అవునంటే అది మర్రి, రావి, మేడి ఉన్న వర్గం. కాయలు కాండం మీదే గుత్తులుగా వేలాడుతుంటే మేడి. లేకుంటే ఆకు కొసను చూడాలి: తోకలా పొడవుగా సాగితే రావి, మొద్దుగా ముగిసి కొమ్మల నుంచి ఊడలు దిగుతుంటే మర్రి. ఇందులో ఒక్క కొత్త పదమూ లేదు; అన్నీ ఇంటి మాటలే. ఇంత సహజంగా తెలుగులో ఒదిగే పద్ధతితో ఒక జిల్లా చెట్లకైనా పూర్తిస్థాయి గుర్తింపు పుస్తకం తెలుగులో వ్యాప్తిలో లేకపోవడానికి భాషను నిందించడం సరికాదు.

3. తుమ్మలు, కొడిశలు: జనవ్యవహారంలో వర్గీకరణ:

తెలుగువారి వృక్షనామాల్లో ఒక నిర్మాణం స్పష్టంగా కనిపిస్తుంది. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, మురికితుమ్మ, సర్కారుతుమ్మ – వీటిలో ‘తుమ్మ’ వర్గనామం, ముందున్నది భేదకం. లిన్నేయస్ స్థిరపరచిన ద్వినామ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. తెల్లతుమ్మ శాస్త్రీయనామంలోని ‘ల్యూకోఫ్లోయియా’ అనే గ్రీకు మూలపదానికి అర్థం తెల్లని బెరడు కలది అని. గ్రీకు, తెలుగు ఇక్కడ ఒకే రంగును ఆధారం చేసుకున్నాయి.

ఈ సామ్యం చూసి మురిసిపోవడానికి ముందు మరికొంత దూరం నడవాలి. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ తీసుకున్న నిర్ణయం 2011లో మెల్‌బోర్న్‌లో ఖరారైంది. ఫలితంగా ‘అకేసియా’ అనే ప్రజాతినామం ప్రధానంగా ఆస్ట్రేలియా జాతులకు దక్కింది. మన నల్లతుమ్మ, తెల్లతుమ్మ ‘వాచెలియా’లోకి, సుండ్ర ‘సెనెగాలియా’లోకి వెళ్లాయి. సుండ్రను తెలుగు జనం తుమ్మ అనలేదన్నది ఇక్కడ గమనార్హం. తుమ్మలకు జంటగా, నిటారుగా, పొడవుగా ఉండే ముళ్లు. సుండ్రకు కొక్కెంలా వంగిన పొట్టి ముళ్లు. వాచెలియాను, సెనెగాలియాను వేరుచేయడంలో శాస్త్రజ్ఞులు చూసే లక్షణాల్లో ముల్లు స్వభావం కూడా ఒకటి. పశువుల కాపరి చేతికి గుచ్చుకున్న తేడా, వర్గీకరణ శాస్త్రం ఎన్నో విశ్లేషణల తర్వాత ఆమోదించిన తేడా ఒక్కచోట కలిశాయి.

అయితే ఇదే ‘తుమ్మ’ మాట సర్కారుతుమ్మ దగ్గర తప్పుదారి పట్టిస్తుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ మొక్క అకేసియా కాదు. ప్రొసోపిస్‌గా ప్రసిద్ధమై, 2022 నాటి పునర్విభజనలో ‘నెల్టుమా’ అయింది. నల్లతుమ్మకు పసుపుపచ్చని గుండ్రని పూబంతులు, గింజగింజకూ నడుమ నొక్కినట్టుండే కాయ. సర్కారుతుమ్మకు పొడవైన పూకంకి, తియ్యని గుజ్జున్న బద్దకాయ. ముల్లును మాత్రమే చూసి పేరు పెట్టినప్పుడు ఈ తేడాలు వెనక్కి పోయాయి. ఇక ‘ఆస్ట్రేలియా తుమ్మ’కు ముల్లే లేదు, అది జనం గమనించి పెట్టిన పేరు కాదు, మొక్కతో పాటు దిగిన పేరు. కాబట్టి జననామాల్లో గమనింపు ఉంది, అది ప్రశంసనీయం. కానీ ప్రతి జననామమూ ఒకే స్థాయి సాక్ష్యం కాదు. పేరు వెనుక ఏ లక్షణముందో, ఎవరు పెట్టారో విడివిడిగా విచారించాల్సిందే. ‘మనవాళ్లకు అన్నీ ముందే తెలుసు’ అనే ధోరణి ఈ విచారణను ఎగవేస్తుంది.

పేరులోని ఒక్క అక్షరం ఎంత బరువు మోస్తుందో కొడిశ, కొడిశపాల తెలియజేస్తాయి. కొడిశపాల సంస్కృతంలో కుటజం; దాని బెరడు అతిసార చికిత్సకు ఆయుర్వేదంలో ప్రసిద్ధం. కొడిశ వేరే కుటుంబానికి చెందిన చెట్టు; దాని ఆకు ప్రాణాంతకమైన విషం. రెండూ మన పొడి అడవుల్లో దొరికేవే. కొడిశపాలకు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, తుంచితే పాలు కారుతాయి. కొడిశ ఆకులు ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి, పాలు రావు. అంటే పేరు చివరి ‘పాల’ అలంకారం కాదు, అదే గుర్తింపు సూత్రం. వ్యవహారంలో తోకను తెంచి ‘కొడిశ’ అని క్లుప్తీకరించినా, జాబితా రాసుకునేవాడు రెండూ ఒకటేననుకున్నా, మందు చోట విషం నమోదవుతుంది. మూలికల జాబితాలను నిఘంటువుల నుంచి, ఒకదాని నుంచి మరొకటిగా ఎత్తిరాసే పరిశోధనలకు ఇది హెచ్చరిక. ‘మారేడు’ కూడా ఇలాంటిదే: ఒంటరిగా అంటే బిల్వవృక్షం, ‘మారేడుగడ్డలు’ అంటే దానితో ఏ సంబంధమూ లేని, సువాసనగల వేళ్లున్న ఒక అడవితీగ.

4. పాఠ్యపుస్తక పరిభాష: తొడిమ ఎందుకు చాలలేదు?

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ, ఉన్నతవిద్యను తెలుగులో అందించే లక్ష్యంతో వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలను ప్రచురించింది. ఆ కృషి విలువను తక్కువ చేయడానికి లేదు. పుష్పవిన్యాసం, రక్షకపత్రావళి, ఆకర్షణపత్రావళి, కేసరావళి, అండకోశం వంటి మాటలు రెండు మూడు తరాల తెలుగు మాధ్యమ విద్యార్థులకు విషయం చేరవేశాయి. వీటిలో రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు అనేవి అవి చేసే పనిని బట్టి కల్పించిన చక్కని మాటలు.

చిక్కు పువ్వు దగ్గర కాదు, ఆకు దగ్గర. తొడిమ అనే మాట ఉండగా ‘పత్రవృంతం’ వచ్చింది. దీనికి సమర్థన ఉంది: తొడిమ ఆకుకూ, పూవుకూ, కాయకూ ఉంటుంది, శాస్త్రానికి భేదం కావాలి. కానీ ‘ఆకుతొడిమ’, ‘పూతొడిమ’ అంటే ఆ భేదం తీరదా అనే ప్రశ్నకు జవాబు లేదు. ‘పత్రపుచ్ఛం’ విషయంలో అసౌకర్యం మరింత లోతైనది. ఆకు మొదట్లో, తొడిమకు ఇరువైపులా ఉండే చిన్న పొలుసులాంటి భాగానికి పెట్టిన పేరు అది. ‘పుచ్ఛం’ అంటే తోక. తోక ఎక్కడ ఉంటుందో తెలిసిన విద్యార్థి దాన్ని ఆకు కొసన వెదుకుతాడు. పదం చూపును తప్పు దిక్కుకు పంపుతుంది. వర్ణనశాస్త్రంలో పరిభాషకు ఇంతకు మించిన లోపం ఉండదు.

కాఫీ కుటుంబాన్ని గుర్తించడానికి క్షేత్రశిక్షణలో చెప్పే సూత్రం చిన్నది: ఆకులు ఎదురెదురు, అంచు నునుపు, రెండు తొడిమల నడుమ కణుపు మీద ఒక చిన్న పొలుసు. కళాశాల ఆవరణలోని నూరువరహాల మొక్కపై ఎవరైనా దీన్ని క్షణంలో చూడవచ్చు. దీనికి పాఠ్యపుస్తకం ఇచ్చే మాట ‘వృంతాంతర పత్రపుచ్ఛాలు’. పరీక్షలో మార్కు తెచ్చే ఈ సమాసం వేలిని కణుపు దగ్గరికి తీసుకెళ్లదు. నూరువరహాలను రోజూ చూసే విద్యార్థి ఈ సమాసాన్ని కంఠస్థం చేసి కూడా ఆ పొలుసును చూడకపోవడం అసంభవమేమీ కాదు.

దేశ్యపదాలతోనే సమస్తం నడుస్తుందని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నూగులో రకాలు – నక్షత్రంలా చీలిన నూగు, మొనలో గ్రంథి ఉన్న నూగు – జనవ్యవహారంలో వేరువేరు పేర్లతో లేవు, ఉండనవసరమూ లేకపోయింది. పూకంకుల రకాలూ అంతే. అక్కడ కొత్త మాట తప్పదు. కణుపు, ఈనె, తొడిమ, నూగు, బంక, బెరడు, ఊడ, ఇగురు వంటివి ఉన్న చోట వాటిని పునాదిగా తీసుకుని, లేని చోటనే కల్పించి ఉంటే పరిభాష క్షేత్రానికి పనికివచ్చేది. ‘ఈనెల వ్యాపనం’ అనే పాఠ్యపుస్తక ప్రయోగం ఆ మిశ్రమానికి మంచి నమూనా. అదెందుకు మినహాయింపుగానే మిగిలిపోయిందో పరిభాషా చరిత్రకారులు విచారించవలసి ఉంది.

5. కావ్యవనంలో క్షేత్రం:

ప్రబంధంలోని వనవర్ణనలో చెట్ల పేర్లు బారులు తీరుతాయి. వాటిని ఏరి, వర్ణక్రమంలో పేర్చి, ‘ప్రాచీనుల పర్యావరణ స్పృహ’గా ప్రకటించే వ్యాసాలు తెలుగు పరిశోధనలో విరివిగా వస్తున్నాయి. ఈ ధోరణిని సర్వేక్షణ శాస్త్రం దగ్గర నిలబెట్టి చూడాలి. సర్వేక్షణలో జాతుల జాబితాకు విలువ రావాలంటే స్థలం, తేదీ, విస్తీర్ణం, సంఖ్య తోడుండాలి. ఏ మొక్క లేదో కూడా తెలియాలి. కావ్యజాబితాకు వీటిలో ఏదీ లేదు. కొండ చెట్టూ, కడలి చెట్టూ, ఉద్యానపు పూలమొక్కా ఒకే పద్యంలో పూస్తాయి. ఇది కవి దోషం కాదు. అష్టాదశవర్ణనల మర్యాద అది. యువతి పాదతాడనంతో అశోకం, పుక్కిటి మధువుతో పొగడ పూస్తాయనే దోహద సమయమూ అలాంటిదే. జాబితాను సర్వేక్షణగా చదవడమే దోషం, అది విమర్శకునిది.

అలాగని వృక్షజ్ఞానం కావ్యపఠనానికి అనవసరమని కాదు. అశోకాన్నే తీసుకుంటే, నేడు కళాశాలల ఆవరణల్లో, కార్యాలయాల ముందు బారుగా నిటారుగా పెరిగే చెట్టును జనం ‘అశోక’ అంటున్నారు. అది నరమామిడి, సీతాఫలం కుటుంబానికి చెందినది, దాని పూలు ఆకుల్లో కలిసిపోయే లేత ఆకుపచ్చ రంగువి. కావ్యాల అశోకం చిక్కుడు కుటుంబానికి చెందిన వేరే చెట్టు. దానికి ఆకర్షణపత్రాలే ఉండవు. రక్షకపత్రాలే రంగుదేరి నారింజ నుంచి ఎరుపుకు మారుతూ గుత్తులుగా పూస్తాయి. లత్తుక పూసిన పాదానికీ ఆ ఎర్రని గుత్తికీ ఉన్న రంగుల సంబంధం మీదే దోహదకల్పన అందమంతా నిలబడింది. తరగతిలో పద్యం చెబుతూ కిటికీలోంచి నరమామిడిని చూపించే అధ్యాపకుడు ఆ సంబంధాన్ని తెలియకుండానే తెంచేస్తాడు. విద్యార్థికి దోహదం అర్థంలేని మూఢనమ్మకంగా మిగులుతుంది. చెట్టు మారితే అలంకారమే కూలిపోతుంది.

దేవదారు విషయంలో భౌగోళికత కూడా చేరుతుంది. కాళిదాసు హిమాలయ వర్ణనల్లోని దేవదారు సూదుల్లాంటి ఆకులున్న మహావృక్షం. రాయలసీమ, నల్లమల ప్రాంతపు కొండల్లో దేవదారు లేదా గదిరి అని పిలిచేది సువాసనగల చేవ ఉన్న ఒక చిన్న చెట్టు. వాసన ఆధారంగా పేరు దక్షిణానికి దిగివచ్చి స్థానిక చెట్టుపై వాలిందనుకోవచ్చు. తెలుగు కావ్యంలో దేవదారు కనిపించినప్పుడు కవి చూసినది ఏదో, చదివినది ఏదో తేల్చకుండా వ్యాఖ్యానం రాయడం సాహసమే.

పొన్న దీనికి తిరగబడిన కథ. సంస్కృత భాగవతంలో గోపికల వలువలతో కృష్ణుడు ఎక్కినది నీపవృక్షం, అంటే కడిమి. తెలుగు లోకవ్యవహారంలో, ఆలయోత్సవాల్లో అది పొన్న అయింది. పొన్న సముద్రతీరపు చెట్టు. దాని ఆకులో పక్క ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా, సమాంతరంగా ఉంటాయి. యమునాతీరపు అడవిలో అది సహజంగా పెరగదు. ఇక్కడ పొరపాటును వెదకడం కంటే, కథ తీరాంధ్రకు వచ్చి అక్కడి నీటిగట్టున నిలిచిన దట్టమైన నీడచెట్టును ఎక్కిందని గుర్తించడం ఉచితం.

స్థలాన్ని పట్టుకున్న చూపు ప్రాచీన కావ్యంలో అసలు లేదా అంటే, ఆముక్తమాల్యద దగ్గర ఆగాలి. రెక్కల్లో తల దూర్చి కాలువగట్ల నిద్రించే బాతులను, స్నానానికి వచ్చినవారు పిండి మరచిన వస్త్రాలనుకుని కాపలావారు తీయబోవడం, అవి తప్పించుకుపోవడం, పైరు కాపున్న స్త్రీలు నవ్వడం – ఆ ప్రసిద్ధ పద్యంలో ఒక పొద్దు ఉంది, ఒక నేల ఉంది, గమనించే దూరం ఉంది, పొరపాటుగా గుర్తించడం కూడా ఉంది. పేర్ల బారు లేదు. పర్యావరణ స్పృహ వెదికేవారు వంద చెట్ల జాబితా కంటే ఇలాంటి ఒక్క పద్యం దగ్గర ఎక్కువసేపు నిలబడటం మేలు.

ఆధునిక కాలంలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం చేసిన అనువాదం ‘వనవాసి’ని తెలుగు పాఠకులు తమ సొంత నవలగానే చదువుకున్నారు. క్షేత్రశిక్షణ దృష్టితో చూస్తే ఆ నవల ఒక అభ్యాసగాథ. కలకత్తా నుంచి వచ్చిన సత్యచరణ్‌కు మొదట అడవి అంతా ఒక్క పచ్చని విసుగు. స్థానికుల సాంగత్యంలో అది విడివిడి చెట్లుగా, తీగలుగా, పేర్లుగా విచ్చుకుంటుంది. ఏ లాభాపేక్షా లేకుండా ఎక్కడెక్కడి పూలమొక్కలనో తెచ్చి అడవిలో నాటే యుగళప్రసాద్‌ను పాఠకులందరూ ప్రేమిస్తారు. సహజవృక్షజాలంలోకి బయటి మొక్కను తేవడం ఎంత ప్రమాదమో సర్కారుతుమ్మ ద్వారా తెలుసుకున్న నేటి జీవావరణ విద్యార్థి మాత్రం ఆ ప్రేమలో కొంచెం ఇబ్బంది పడక తప్పదు. ఆ ఇబ్బందితో కూడిన పఠనం ఇంకా ఎవరైనా రాయవలసే ఉంది.

6. కోరమాండల్ జాబితాలు: పేరు చెప్పినవారు ఎవరు?

తెలుగు వృక్షనామాలు శాస్త్రగ్రంథాల్లోకి విరివిగా చేరింది విలియం రాక్స్‌బర్గ్ ద్వారా. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చిన ఆయన 1781 నుంచి సామర్లకోటలో ఉండి, 1793లో కలకత్తా ఉద్యానవనానికి వెళ్లేదాకా ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించాడు. లండన్‌లో 1795–1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో వెలువడిన కోరమాండల్ తీర వృక్షగ్రంథం ఆ కృషి ఫలితం. అందులో మొక్క వర్ణనతో పాటు తెలుగు పేరు ఉంటుంది. కొన్ని తెలుగు పేర్లు శాస్త్రీయనామాల్లోనే స్థిరపడ్డాయి. సుండ్ర జాతినామమైంది. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు నుంచి ‘సోయ్మిడా’ అనే ప్రజాతినామాన్ని జుస్యూ 1830లో ఏర్పరచాడు. ఆ చెట్టు శాస్త్రీయనామం చదివే ప్రతి దేశపు విద్యార్థీ తెలియకుండానే ఒక తెలుగు మాట పలుకుతున్నాడు.

ఆ తర్వాత ఉత్తర సర్కారుల్లో కమిషనర్‌గా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసులో ‘ఫ్లోరా ఆంధ్రికా’ ప్రచురించాడు. దీని ప్రత్యేకత దాని దిశలో ఉంది. తెలుగు పేరును పట్టుకుని శాస్త్రీయనామానికి చేరే ఏర్పాటు అది. ఊరివారు పేరు చెప్పగా విన్నవాడికి అక్కరకు వచ్చే సాధనం. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు కూడా అనేక వృక్షపదాలకు లాటిన్ పేర్లను జతచేసి, ‘వృక్షవిశేషము’ అనే గోడకు ఒక కిటికీ తెరిచింది. ఆ తరువాత గ్యాంబుల్ ప్రారంభించగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథం 1915–1936 మధ్య వెలువడి, నేటికీ దక్షిణాది వృక్షశాస్త్రజ్ఞుల బల్ల మీద ఉంటోంది.

వలసపాలన అవసరాలు ఈ గ్రంథాలను నడిపించాయన్నది స్పష్టమే: కలప, రంగులు, మందులు, ఆదాయం. అయితే తెలుగు పరిశోధకుడు అడగవలసిన ప్రశ్న మరొకటి. ఆ పేర్లు ఎవరు చెప్పారు? రాక్స్‌బర్గ్ ఫలకాలను గీసినవారు భారతీయ చిత్రకారులు. గ్రంథంలో వారి పేర్లు లేవు. మొక్కను చూపి ‘ఇది సోమిద’ అన్న మనిషి పేరూ లేదు. సామర్లకోట కేంద్రంగా సాగిన ఆ పనిలో, క్షేత్రశిక్షణ పరిభాషలో చెప్పాలంటే, శిక్షకులు వారే.

7. గడిలో ఒక పేరు:

నెబ్రాస్కాలో పౌండ్, క్లెమెంట్స్ 1898లో చదరపు గడితో మొక్కలను లెక్కించే పద్ధతిని ప్రవేశపెట్టినప్పటి నుంచి వృక్షజాలం అంకెల్లోకి వచ్చింది. చెట్లకు పెద్ద గడి, పొదలకు దానికంటే చిన్నది, గడ్డిగాదానికి ఒక మీటరు గడి. చెట్టు చుట్టుకొలతను నేల నుంచి దాదాపు 1.3 మీటర్ల ఎత్తున తీసుకుంటారు. ఒక జాతి ఎన్ని గడుల్లో కనిపించిందో పౌనఃపున్యం, ఎన్ని మొక్కలున్నాయో సాంద్రత, ఎంత చోటు ఆక్రమించిందో ప్రాబల్యం చెబుతాయి. ఈ మూడింటి సాపేక్ష విలువలను కలిపి ఒక జాతి ప్రాముఖ్యాన్ని ఒకే అంకెగా చూపే పద్ధతిని 1951లో విస్కాన్సిన్ అడవులపై రాసిన వ్యాసంతో కర్టిస్, మెకింటాష్ ప్రచారంలోకి తెచ్చారు. నేటి పరిశోధనా పత్రాల్లో పట్టికలన్నీ ఈ అంకెలతోనే నిండి ఉంటాయి.

పేరు తప్పితే ఈ అంకెలన్నీ తప్పుతాయి. కానీ అంకెను చూసి ఆ తప్పును ఎవరూ పట్టలేరు. శేషాచలం కొండల్లో ఎర్రచందనమూ, దాని దగ్గరి బంధువైన వేగిసా రెండూ ఉన్నాయి. ఎర్రచందనం ఆకులో సాధారణంగా మూడు చిరుఆకులు, అరుదుగా ఐదు. వేగిసలో ఐదు నుంచి ఏడు. పెరిగిన ఎర్రచందనపు బెరడు మొసలి వీపులా చదరాలుగా పగిలి ఉంటుంది. అయితే నల్లమద్ది బెరడు కూడా అలాగే పగులుతుంది కనుక బెరడొక్కటే చాలదు. ఇక మోకాలెత్తు మొలకల్లో ఆ బెరడు ఉండదు, చిరుఆకులనే లెక్కపెట్టాలి. ఐదు చిరుఆకులున్న మొలక దగ్గర శిక్షణ లేనివాడు ఊహిస్తాడు; శిక్షణ ఉన్నవాడు ఆగి, పక్క కొమ్మలు చూసి, అప్పటికీ తేలకపోతే ‘గుర్తించలేదు’ అని రాస్తాడు. దక్షిణ తూర్పుకనుమల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అడవిలో తిరిగి మొలకెత్తుతోందా లేదా అనే ప్రశ్నకు జవాబు ఆ ఆగడం మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే శిక్షణలో నమూనా సేకరణకు అంత పట్టింపు. గుర్తించిన ప్రతి జాతికీ ఒక కొమ్మను అదిమి, ఆరబెట్టి, కాగితానికి కుట్టి లేదా అంటించి భద్రపరుస్తారు. రేపు మరొకరు వచ్చి ‘ఇది వేగిస కాదు’ అనడానికి అవకాశం కల్పించేది ఆ కొమ్మే. దాని కింద అతికించే చీటీలో శాస్త్రీయనామం, స్థలం, తేదీ, ఎత్తు, సేకర్త పేరు, స్థానికనామం ఉంటాయి. ఈ చివరి గడి తెలుగు పరిశోధకుడికి సంబంధించినది. ఆచరణలో అది తరచు ఖాళీగానో, ఏదో పుస్తకం నుంచి ఎత్తిరాసిన పేరుతోనో ఉంటుంది. నింపినప్పుడు కూడా రోమన్ లిపిలో. ‘ల’, ‘ళ’ల తేడా, ‘ద’, ‘డ’ల తేడా అక్కడే పోతుంది. ‘సోయ్మిడా’కు మూలం సోమిదో, సోమిడో తేల్చుకోవాల్సిన చిక్కు రెండు శతాబ్దాల నాటి అలాంటి రాతలోనే మొదలైంది. స్థానికనామాన్ని తెలుగు లిపిలో, విన్న ఉచ్చారణతో, ఏ ఊరిలో, ఏ సమూహం వారి నోట విన్నదో సహా రాయడానికి చీటీలో ఒక వరుస అదనంగా చాలు. పేరు చెప్పినవారు అంగీకరిస్తే, వారి పేరు రాయడానికి మరొక వరుస.